బొట్టు పెట్టి పిలిచిన శనివారం

పొద్దున వికారాబాద్ నుంచి తాండూరు వెళ్లే రైల్లో రోజూ వెళ్లేవాళ్లకు టికెట్ మీద సీటు నంబరు ఉండదు, కానీ సీటు ఉంటుంది. మా బడి తెలుగు మేడంది మూడో బోగీలో కిటికీ పక్క సీటు. దాని ఎదురుగా నాది. రైల్లో ఉన్నంతసేపు ఆమె నాకు అక్క, నేను ఆమెకు తమ్మి. బడి గేటు దాటాక ఆమె మేడం, నేను సార్. ఈ మార్పు ఎక్కడ జరుగుతుందో కూడా నేను చెప్పగలను. గేటుకు ఇవతల సోడా బండి ఉంటుంది, దాని దగ్గర.

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. హైదరాబాదులో కొంతకాలం సాఫ్ట్‌వేర్లలో తప్పులు వెతికే ఉద్యోగం చేసి, అది వదిలేసి బీఎడ్ చదివి లెక్కల మాస్టారునయ్యాను. పాత ఉద్యోగం వదిలినా దాని అలవాటొకటి నన్ను వదల్లేదు. ఏ పనికైనా ముందు మెట్లు రాసుకుంటాను: ఒకటి ఇది, రెండు అది, మూడోది తప్పితే ఏం చేయాలి. అక్కకు ఇది పెద్ద వినోదం.

"అన్నం తినేటప్పుడు గూడ రాసుకుంటవా తమ్మీ? ఒకటి, చెయ్యి కడుగుడు. రెండు, ముద్ద కలుపుడు."

"మూడు, అక్క డబ్బల కెల్లి పచ్చడి తీసుకునుడు."

"మూడోది తప్పితే?"

"పస్తు."

మా ఆరో తరగతిలో నాలుగు భాషల పిల్లలు ఉంటారు. ఎక్కువమందిది తెలుగు. నాపరాళ్ల పాలిషింగ్ యూనిట్ల వెనక వీధుల నుంచి వచ్చేవాళ్లది ఉర్దూ. తండాల నుంచి వచ్చేవాళ్లది లంబాడీ. సరిహద్దు దగ్గరే కాబట్టి ఇంట్లో కన్నడం మాట్లాడేవాళ్లు ప్రతి ఏడూ ఒకరో ఇద్దరో ఉంటారు. ఆ ఏడు కన్నడం పిల్ల ఒక్కతే. అమ్మానాన్నలు పుణెలో బిల్డింగు పనులకు పోతే, యాలాల్ మండలంలోని పల్లెలో అమ్మమ్మ దగ్గర ఉండటానికి వచ్చింది. ఐదో తరగతి దాకా సరిహద్దు అవతల కన్నడ బడిలో చదివింది. అక్కడ మంచి మార్కులే.

మా లెక్కల పుస్తకంలో ఒక పేజీ ఇంగ్లీషులో ఉంటుంది, ఎదుటి పేజీ తెలుగులో. ఆ పిల్లకు రెండు పేజీలూ పరాయివే. బోర్డు మీద అంకెలు వేస్తే అందరికన్నా ముందు చేసి, పెదాల కింద "ఒందు, ఎరడు, మూరు" అనుకుంటూ సరిచూసుకునేది. "ఒక రైతు దగ్గర కొన్ని బస్తాల కందులు ఉన్నాయి" అని మాటల్లో లెక్క ఇస్తే కాగితం ఖాళీగా ఉంచి నా ముఖం చూసేది. ఏం అడిగినా తల ఊపుతుంది. ఆ ఊపుడు అవునో కాదో నాకు తెలిసేది కాదు. తోటి పిల్లలు ఆమెకు మాటలు రావనే అనుకున్నారు.

వానలు మొదలైన రోజుల్లో ఆమె మేనమామ బడికి వచ్చాడు. వాళ్లది గొర్ల మంద ఉన్న ఇల్లు. మనిషి మర్యాదస్తుడు. ఆ పిల్లకు కంపాస్ బాక్సు కొనిపెట్టింది కూడా ఆయనే.

"సదువు ఎక్కుతలేదంట గద సార్. కందులు కోసినంక మేం మంద దీస్కొని పోతం. మా ఆడామె బాలింత. ఈ పిల్ల తోడొస్తే పొయ్యి కాడ జర ఆసర అయితది."

"ఇంక కొన్ని దినాలు జూద్దామన్నా. ఎక్కుతది."

"జూడున్రి సార్. కందికోతల దాంక జూడున్రి."

మందతో వెళ్లిన పిల్ల వానాకాలం దాకా తిరిగి రాదు. వచ్చినా బడికి రాదు. ఇది ఆయనకూ తెలుసు, నాకూ తెలుసు.

బహుభాషా విద్యార్థులకు తోడ్పడటం ఎలాగో విదేశాల్లో ఒక టర్ము పాటు చూసి నేర్చుకునే అవకాశానికి నేను దరఖాస్తు పెట్టింది ఈ సంగతి జరగక ముందే. ఫిన్లాండ్‌లో ఒక చిన్న పట్టణం బడికి ఎంపిక చేశామన్న కబురు వచ్చింది మాత్రం తర్వాత. దరఖాస్తులో "విద్యార్థులు" అని బహువచనంలో రాశాను. విమానం ఎక్కేటప్పుడు నా మనసులో ఉన్నది ఒక్క పిల్లే.

అక్క మాత్రం ధారూర్ దాటేదాకా నవ్వుతూనే ఉంది. "కన్నడ పిల్లకు లెక్కలు చెప్పనీకి ఫిన్లాండ్ వోవుడెందుకు తమ్మీ? గుల్బర్గా బస్సు మన తాండూరు స్టాండ్ల దొరుకుతది గద."

"ఆడ ఉన్నోళ్లు ఎట్ల జేస్తరో జూసొస్త అక్కా."

"పోయిరా. గని ఆడ చలికి కాళ్లు పగుల్తయంట. కొబ్బరినూనె మర్సిపోకు. పిల్ల ఫికర్ జెయ్యకు, నేను జూస్త."

ఫిన్లాండ్ బడిలో నన్ను మొదట ఆకట్టుకున్నది గుమ్మం. పిల్లలంతా బూట్లు బయట విప్పి, మేజోళ్లతో లోపల తిరుగుతారు. మా దగ్గర నాపరాళ్ల అరుగు మీద చెప్పులు వరస పెట్టి వట్టికాళ్లతో లోపలికి వెళ్తారు. ఇంత దూరం వచ్చి అదే పని చూడటం నాకు భలే సంతోషం కలిగించింది. ఫొటో తీసి అక్కకు పంపాను. "మేజోళ్లకు బొక్కలున్నోళ్లు ఏం జేస్తరు?" అని ఆమె అడిగింది. ఆ ప్రశ్న నా జాబితాలో లేదు.

అక్కడి ఉపాధ్యాయులతో ఇంగ్లీషులో మాట్లాడేవాణ్ని. కానీ స్టాఫ్ రూములో వాళ్లలో వాళ్లు వాళ్ల భాషలోనే మాట్లాడుకుంటారు. ఒకరు ఏదో చెబుతారు, అందరూ నవ్వుతారు, నేనూ నవ్వుతాను. ఒకోసారి నేను నవ్వేసరికి వాళ్ల నవ్వు అయిపోయేది. నన్ను చూసుకునే పెద్దావిడ, వాళ్ల బడిలో చాలా సీనియర్ టీచరు, ఒకరోజు మెచ్చుకోలుగా అంది, నేను ఎంతో నెమ్మదైన మనిషినని. ఆ మాట వీడియో కాల్‌లో చెబితే అక్క ఫోను పక్కన పెట్టేసి నవ్వింది. "నువ్వా? నెమ్మదా? తాండూరు దాంక నోరు మూస్తవా?"

అన్నం వరసలో నిలబడి, మా గుంపుకు పళ్లేలు సరిపోతాయో లేదో నేను తెలుగులో లోలోపల లెక్కపెట్టుకునేవాణ్ని. ఇంజినీరింగంతా ఇంగ్లీషులో చదివినవాణ్ని, ఒంటరిగా నిలబడితే ఒకటి, రెండు, మూడు అనే వస్తోంది. అప్పుడు ఆ పిల్ల పెదాలు గుర్తొచ్చేవి.

నేను వెతుకుతున్నది అక్కడే ఒక మధ్యాహ్నం కనిపించింది. సోమాలీ మాట్లాడే ఒక తల్లి తరగతికి వచ్చింది. తన ఇంట్లో రొట్టె ఎలా చేస్తారో తన భాషలోనే చెప్పింది. కొడుకు పక్కన నిలబడి ఒక్కో మాటా ఫిన్నిష్‌లోకి మార్చి చెప్పాడు. అన్ని రోజులూ చివరి బల్ల దగ్గర ముడుచుకుని కూర్చునేవాడు ఆ గంటసేపు తరగతి మొత్తానికి దారి చూపేవాడయ్యాడు. రెండు వైపులూ తెలిసినవాడు ఆ గదిలో వాడొక్కడే మరి. పెద్దావిడ పక్కకు వచ్చి, ఇలాంటి గంటలు నెలకొకటి పెట్టుకుంటామంది.

"తల్లిదండ్రులను ఎలా రప్పిస్తారు?" అని అడిగాను.

"ఫోనుకు ఒక సందేశం పంపుతాం. వస్తారు," అంది.

మెట్లు రాసుకున్నాను. ఒకటి, ఇంటికి కబురు పంపాలి. రెండు, ఇంటి భాషలోనే చెప్పమనాలి. మూడు, పిల్ల పక్కన నిలబడి మార్చి చెప్పాలి. తక్కినవి చిన్నచిన్నవి.

నేను తిరిగి వచ్చేసరికి తాండూరు చుట్టుపక్కల కంది చేలు ముదిరి గోధుమరంగుకు తిరుగుతున్నాయి. ఆ పిల్ల బడికి వస్తూనే ఉంది. కోతలకు ఇంకా కొన్ని రోజుల టైముంది. ఆలస్యం చేయకుండా ఆ బుధవారమే తరగతిలో నలుగురు పిల్లల్ని లేపి నిలబెట్టాను. ఇద్దరు తండా పిల్లలు, ఒక ఉర్దూ అమ్మాయి, ఈ కన్నడం అమ్మాయి.

"శనివారం మీ ఇంట్ల పెద్దోళ్లను తీస్కరండి," అన్నాను.

తండా పిల్లల్లో ఒకడు ఏడుపు ముఖం పెట్టాడు. "నేనేం జెయ్యలే సార్. బల్ల ఇరగ్గొట్టింది నేను కాద్సార్."

ఏ బల్ల గురించో నాకు అప్పటికి తెలియదు. భయం లేదని చెప్పి పాఠంలో పడ్డాను.

శనివారం జరిగింది ఇది. ఒక తండా పిల్లవాడి తండ్రి ఆధార్ కార్డు, రేషన్ కార్డు, బ్యాంకు పుస్తకం ప్లాస్టిక్ కవర్లో పెట్టుకుని వచ్చి ఏ స్కీమని అడిగాడు. రెండోవాడి తండ్రి విరిగిన బల్ల బాగుచేయడానికి వడ్రంగిని వెంటబెట్టుకుని వచ్చాడు. ఉర్దూ అమ్మాయి తల్లి గేటు బయటే నిలబడి, గొడవ ఏ పిల్లతో జరిగిందో కనుక్కు రమ్మని పెద్దకొడుకును లోపలికి పంపింది. కన్నడం అమ్మాయి ఇంటి నుంచి ఎవరూ రాలేదు. సోమవారం ఆ పిల్లా రాలేదు. మంగళవారం, బుధవారం కూడా రాలేదు. అదే పల్లె నుంచి వచ్చే ఏడో తరగతి పిల్లను మేడం అడిగితే చెప్పింది, "ఆమె మూట గట్టిన్రు మేడం. ఆళ్ల మామ తోటి మందెంబడి పోతదంట."

గురువారం పొద్దున రైల్లో అక్క నా ముఖం చూసి డబ్బా మూత పెట్టేసింది.

"తమ్మీ, నువ్వు ఆళ్లను ఏమని పిలిచినవ్?"

"శనివారం ఇంట్ల పెద్దోళ్లను తీస్కరమ్మన్న."

"గది పిలుసుడా? పోరగాండ్లు తప్పు జేస్తే మేం బెదిరిచ్చే మాటది! నువ్వు చిన్నగున్నప్పుడు నీకు గా మాట ఎవలూ అనలేదా?"

"అన్నరు."

"అంటే మీ నాయనను తోల్కపోయినవా?"

"లేదు. మా పక్కింటాయనను తోల్కపోయిన."

"మరి!" అని ఆమె అరచేయి చాపింది.

"ఆడ ఒక్క మెసేజ్ వెడ్తె వస్తున్నరక్కా."

"ఆడ ఉన్నోళ్లకు బడంటే బుగులు లేదేమో. మనోళ్లకున్నది. గా పిల్ల అమ్మమ్మ, గా ముసలామె మనసుల ఏమున్నదో తెల్సా? పిల్లను తీసేస్తమని చెప్పనీకే పిలిచిన్రు, నలుగుర్ల ఆ మాట ఇనుడెందుకు, మనమే తీసేద్దామనుకున్నది."

అప్పుడు ఆమె హ్యాండ్‌బ్యాగులోంచి చిన్న స్టీలు కుంకుమ బరిణె తీసి చూపించింది. వాళ్ల అక్క కూతురి పెళ్లి దగ్గర పడింది. సాయంత్రాలు ఇల్లిల్లూ తిరిగి బొట్టు పెట్టి పిలుస్తోంది.

"కార్డులు అచ్చేపిచ్చినం. వాట్సాపుల గూడ పంపినం. అయినా ఇంటికొచ్చి బొట్టు వెట్టకుంటే ఎవ్వలూ పెండ్లికి రారు తమ్మీ. పిలిచినట్టే గాదు. సాయంత్రం నీ బండి దియ్యి, యాలాల్ దిక్కు పోదాం."

సాయంత్రం నాలుగున్నరకు బయల్దేరాం. ఊరు దాటేదాకా రాళ్ల పొడి తెల్లగా లేచింది. తర్వాత చేలు. చాలావాటిలో కంది కోసేశారు, కట్టె కుప్పలుగా నిలబడి ఉంది. మేనమామ పెట్టిన గడువు అయిపోయిందని ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది.

ముసలామె గడప దగ్గర కూర్చుని గొంగడి అంచు కుడుతోంది. నన్ను చూడగానే లేచి నిలబడింది. గోడకు ఆనించి బట్టల మూట ఉంది. పిల్ల తలుపు వెనక నుంచి తొంగి చూస్తోంది.

"ఏం జేసింది సార్? ఎవల్నన్న గొట్టిందా? ఏం జేసినా తప్పయింది. ఇగ రాదులే సార్."

"ఏం జెయ్యలేదవ్వా," అంటూ మేడం ముందుకు వెళ్లి బరిణె మూత తీసింది. ముసలామె ఒక అడుగు వెనక్కి వేసింది. అప్పుడు చూశాను, ఆమె నుదురు ఖాళీగా ఉంది.

"నాకొద్దు బిడ్డా. మా ముసలాయన పోయినంక పెట్టుకోను."

మేడం చెయ్యి కుంకుమతో గాలిలో ఆగిపోయింది. తర్వాత తలుపు వైపు తిరిగి పిల్లను రమ్మంది. ఆ బొట్టు పిల్ల నుదుట పెట్టింది. బరిణె నా చేతిలో పెట్టి, ముసలామె రెండు చేతులూ పట్టుకుంది.

"అవ్వా, నీ మనుమరాలికి పెడితే నీ ఇంటికి పెట్టినట్టే. ఎల్లుండి శనివారం మా బడిల పని వడ్డది. పెద్దమనిషివి నువ్వు రావాలె. నువ్వొస్తెనే షురూ జేస్తం."

"నేనొచ్చి ఏం జేస్తనమ్మా?"

"నీ ముచ్చటేదన్న పిల్లలకు చెప్పాలె. మీ కన్నడలనే చెప్పాలె."

"నాకు తెలుగు మస్తుగొస్తది గద!"

"తెలుగుల చెప్తే నడువది. మా సారు ఫిన్లాండ్‌కెల్లి రూలు తెచ్చిండు."

లోపలి నుంచి మేనమామ తాడు చుట్ట చేతిలో పట్టుకుని నవ్వుతూ వచ్చాడు. "మా యవ్వను మాట్లాడమంటున్నరా మేడం? ఇగ ఆ దినం మీ బడి ఇడుసుడు ఉండది." తర్వాత నవ్వు తగ్గించాడు. "గని మంద రేపు కదులుతది. పిల్ల గూడ మాతోనే."

దొడ్లో గొర్రెల గొంతులు వినిపిస్తున్నాయి. నేను నోరు తెరవబోతే మేడం కళ్లతోనే వద్దంది.

ముసలామె మనుమరాలి నుదుటి వైపు చూసింది. కొడుకు వైపు తిరిగింది. "గడప దొక్కి బొట్టు వెట్టి పిలిచినంక పోకుంటే మన మర్యాద ఏముంటదిరా? మంద ఒక దినం ఆగితే గొర్లేమన్న నిన్ను కొడ్తయా?"

"ఆగితే పిల్ల గూడ ఆగుతదా అవ్వా?"

"ముందు శనారం గానీ. బడిల జూసి చెప్త."

అట్లా రెండు రోజులు దొరికాయి. మిగిలిన మూడు ఇళ్లకు కూడా ఆ రాత్రిలోపే వెళ్లాం. తండాలో బొట్లు పెట్టాం. ఉర్దూ అమ్మాయి ఇంట్లో మేడం బరిణె సంచిలోంచి తీయలేదు. మంచం మీద కూర్చుని వాళ్లు ఇచ్చిన చాయ్ తాగి, షీర్ ఖుర్మా ఎట్లా చేస్తారో పిల్లలకు చెప్పమని ఆ తల్లిని అడిగింది. ఎవరి గడప దగ్గర ఏం చేయాలో ఆమె మెట్లు రాసుకోలేదు.

శనివారం అందరూ వచ్చారు. ఈసారి ఎవరి చేతుల్లోనూ కార్డులు లేవు, ఒంటి మీద మంచి బట్టలున్నాయి. ముసలామె భుజం మీద గొంగడి, నుదుటి నిండా పసుప్పచ్చని బండారి. వాళ్ల దేవుడు బీరప్ప దగ్గరి పసుపది. కుర్చీ వేస్తే కింద కూర్చుంటుందేమో అనుకున్నాను. "పిలిచినోళ్లు కుర్సీ ఏస్తే కూసోవాలె," అని హెడ్‌మాస్టర్ కుర్చీలో కూర్చుంది. మేనమామ లోపలికి రాలేదు. బండి కిటికీ దగ్గర ఆపి దాని మీదే కూర్చున్నాడు. వెనక సీటుకు ఆ మూట కట్టి ఉంది. ముసలామె ఎటు చెబితే అటు తీసుకుపోవడానికి.

ఆమె వంతు వచ్చింది. మనుమరాలు పక్కన నిలబడింది, కళ్లు నేలమీద. "హేళవ్వా, హేళు," అంటే, చెప్పమ్మా చెప్పు అని ముసలామె మనుమరాల్ని హెచ్చరించి, తను కన్నడంలో మొదలుపెట్టింది. చేతులు తిప్పుతూ, ముఖం మార్చుతూ చాలాసేపు చెప్పి ఆపింది. అందరం పిల్ల వైపు చూశాం.

"మిరపకాయలకు పోయిందంట," అంది పిల్ల, వినీ వినపడనట్టు.

ముసలామె కుర్చీలో ముందుకు వంగింది. కన్నడం సంగతి మరిచిపోయింది. "ఏందే? నేను గంతసేపు చెప్తే గింతేనా? మిగిలిందేమాయె, మింగినవా?"

తరగతి గొల్లుమంది. పిల్ల చెవులు ఎర్రబడ్డాయి.

"నువ్వు ఆగితే గద చెప్పేది! అంత ఒక్కసారే చెప్తే నాకెట్ల యాదుంటది? జరంత జరంత చెప్పు!"

ఆమె మా బడిలో అంత గట్టిగా, అన్ని మాటలు మాట్లాడింది అప్పుడే. నాకు చెప్పిన జవాబు కాదది, అవ్వ మీద కసురు. అందులో అక్షరం తడబడలేదు. మేడం నా వైపు చూసింది. నేను సుద్దముక్క ఎక్కడ పెట్టానో మరిచిపోయాను.

ఆ తర్వాత ఇద్దరూ పోట్లాడుకుంటూనే కథ నడిపారు. ముసలామె కొత్తకోడలిగా సరిహద్దు అవతలి నుంచి వచ్చినప్పుడు ఒక్క తెలుగు ముక్క రాదట. మిరపకాయలు తెమ్మని అత్త తాండూరు అంగడికి పంపింది. వేలితో చూపించింది తప్ప నోరు విప్పలేదు. అంగడి ఆయన పాపం మూగపిల్ల అనుకుని ఒక పిడికెడు ఎక్కువ వేశాడు. అది బాగుందని తర్వాత కూడా మూగదానిలాగే వెళ్లి తెచ్చుకునేది.

"పుచ్చులేసిండంట ఒకసారి," పిల్ల చెబుతోంది, ఇప్పుడు కళ్లు నేలమీద లేవు. "మా అవ్వకు కోపమొచ్చింది. అప్పటికి తెలుగు నేర్సింది గద. ఏంరా, కండ్లు కనిపిస్తలేవా అన్నదంట. ఆయన తరాజు కింద పడేసిండంట. మూగామె మాట్లాడింది, మూగామె మాట్లాడిందని అంగడంత ఉరికిండంట!"

బల్లలు చరిచారు పిల్లలు. కిటికీ అవతల మేనమామ కడుపు పట్టుకుని నవ్వుతున్నాడు. అంతమంది నవ్వుతున్నా పిల్ల ఆగలేదు. "నవ్వకున్రి, ఇంకున్నది," అని అందరినీ గదమాయించింది.

అంతా అయ్యాక ముసలామె లేచి కిటికీ దగ్గరికి వెళ్లింది. కొడుకుతో కన్నడంలో ఏదో అంది. నాకు అర్థం కాలేదు. పక్కనే ఉన్న పిల్లను చూశాను. అడగకముందే ఆమె చెప్పింది.

"మూట ఇంటికాడ దించుమంటున్నది సార్. మా అత్తకు ఆసరగ అవ్వనే మందెంబడి పోతదంట. నేను మా ఊర్లనే అవ్వ చెల్లె ఇంట్ల ఉండి బడికి రావాల్నంట."

మేనమామ తల గోక్కున్నాడు. "అయితే మంద కాడ దినామూ గీ ముచ్చట్లు నేనినాల్నా?" అన్నాడు. అని బండి స్టార్టు చేశాడు.

వెళ్లేముందు ముసలామె కొంగు ముడి విప్పింది. అందులో బండారి ఉంది. ముందు మేడం నుదుటికి, తర్వాత నా నుదుటికి బొటనవేలితో గట్టిగా అద్దింది. వానలకు ముందు మంద తిరిగొస్తుందట. అప్పుడు వాళ్ల ఊళ్లో బీరప్ప పండుగ. "ఇద్దరూ రావాలె. మీరొస్తెనే షురూ జేస్తం," అంది.

సాయంత్రం రైల్లో అక్క కిటికీ అద్దంలో తన నుదురు చూసుకుంది, తుడుచుకోలేదు. "నా కుంకుమ కొందరికి పెట్టరాదు. ఆమె బండారికి ఆ లెక్క లేదు జూడు," అంది.

ధారూర్‌లో ఎక్కిన ఒక పెద్దాయన మా ఇద్దరి పసుపు నుదుళ్లూ చూశాడు. "ఏ జాతరకు పోయొస్తున్నరు సార్?" అని అడిగాడు.

"ఇంక పోలే," అంది అక్క. "ఇయ్యాల పిలిచిన్రు."